పొగ లేని కుంపటి

స్కేలు పెట్టి రిజిస్టరులో గీతలు గీస్తున్నాను. రోజూ పొద్దున నా మొదటి పని అదే. పేరు, వయసు, ఊరు, వచ్చిన వేళ, బాధ, కారణం, పోయిన వేళ. ఏడు గడులు. అచ్చువేసిన రిజిస్టర్లు వరంగల్ నుంచి రావాలి. బంద్‌ల వల్ల రాలేదు. అరుణ సిస్టర్ బజార్లో తెల్లకాగితాల పుస్తకం కొనుక్కొచ్చి నా ముందర పడేసింది.

"గీతలు వంకర పోవద్దు అనితా. సారు పరేషాన్ అయితడు," అంది.

ఆరో గీత దగ్గర ఉండగా బయట ట్రాక్టరు ఆగింది.

తెలంగాణ ఇస్తామని డిసెంబరులో చెప్పి, రెండు వారాలు తిరక్కముందే వెనక్కి తగ్గిన చలికాలం అది. మానుకోటలో ప్రతి చౌరస్తాకూ ఒక దీక్ష టెంటు ఉండేది. మేము పనిచేసే ట్రస్టు దవాఖాన గేటు ఎదుట కూడా ఒకటి. బస్సులు ఒకరోజు నడిస్తే మూడు రోజులు ఆగేవి. మరిపెడ దగ్గరున్న మా తండాకు పోక నాకు నెల కావొస్తోంది. అత్యవసర గదిలో వచ్చినవాళ్ల వివరాలు రాయడం నా ఉద్యోగం. చేతిరాత బాగుందని ఇచ్చారు.

ట్రాక్టరులోంచి నలుగురిని దించారు. మొగుడు, పెళ్లాం, ఇద్దరు పిల్లలు. నలుగురికీ తలనొప్పి, వాంతులు. మొగుడు నిలబడలేక గోడ పట్టుకున్నాడు. పెళ్లాం మాట ముద్దగా వస్తోంది.

డ్యూటీ డాక్టరు వెంకట్రాం సారు గుమ్మంలోంచే అడిగాడు. "ఏ ఊరు?"

ట్రాక్టరు తోలినతను తండా పేరు చెప్పాడు.

"గుడుంబా. రాయి," అన్నాడు సారు నాతో.

"పిల్లలు గూడ ఉన్నరు సార్. చిన్నదానికి తొమ్మిదేండ్లు."

"పెద్దోళ్లు తాగి పండి ఉంటరు. పిల్లలకు పాచిపోయింది పెట్టి ఉంటరు. పిల్లలకు కల్తీ తిండి అని రాయి."

రాశాను. ఇద్దరికి గుడుంబా, ఇద్దరికి కల్తీ తిండి. గీతలు తిన్నగా వచ్చాయి, అక్షరాలు గుండ్రంగా వచ్చాయి.

మధ్యాహ్నానికి నలుగురూ లేచి కూచున్నారు. గుడుంబా తాగినవాళ్లు అంత తొందరగా తేరుకోవడం నేను చూడలేదు. పెళ్లాం మెట్ల మీద ఎండకు కూచుని చిన్నదాని జుట్టు చిక్కు తీస్తుంటే పక్కన కూచున్నాను.

"నిన్న రాత్రి ఏం తిన్నరక్కా?"

"జొన్నరొట్టె, పచ్చిపులుసు. గుడుంబా అని రాసిన్రట గద? ఇంట్ల ఒక్క సుక్క లేదు బిడ్డా. ఉంటే మా ఆయన గింత మంచిగ ఉంటడా?" అని నవ్వింది.

"ఇంట్ల అందరికి గిట్లనే అయిందా?"

"మా అత్తకేం కాలే. బయట సాయబాన్ల పండుకుంటది. ఆమెకు సలి లేదు, బీడీ ఉన్నది." మళ్లీ నవ్వబోయి ఆగింది. "మేకపిల్ల సచ్చిపోయింది. సలికి లోపల కట్టేసినం."

"అదేం తిన్నది?"

"దానికేం పెడ్తం? ఇంక తల్లిపాలే తాగుతుండె."

"మరి దానికేమైంది?"

చిక్కు తీస్తున్న చెయ్యి ఆగింది. "గదే నాకు గూడ సమజ్ కాలే."

గదిలో కుంపటి ఉందా అని అడిగాను. ఉందంది. రాక్షసి బొగ్గు. రాస్తారోకోలో లారీలు గంటల తరబడి ఆగిపోతే ఊరివాళ్లు తలా ఇన్ని బొగ్గులు దించుకున్నారట. బయట రాజేసి, పొగ తగ్గి ఎర్రబడ్డాక లోపల పెట్టుకున్నారు. "కట్టెలైతే కండ్లు మండుతయి, తలుపు తియ్యాలె. గిది మంచిగుంటది. పొగనే రాదు," అంది.

ఆ సాయంత్రం నా నోటుబుక్కు చివరి పేజీలో ఆ ఇంటి సంగతి రాసుకున్నాను. మేకపిల్లతో సహా.

తర్వాత మూడు వారాల్లో ఇంకో అయిదు ఇళ్లు వచ్చాయి. ఒక ఇంటి నుంచి ఇద్దరు, ఒక ఇంటి నుంచి అయిదుగురు. అందరూ తెల్లవారి వచ్చినవాళ్లే. అందరికీ ముందు నెత్తినొప్పి, తర్వాత వాంతులు. అందరూ పగటికి తేరుకున్నవాళ్లే, ఒక్క ముసలాయన తప్ప. ఆయన్ను వరంగల్ పంపించారు. ఏమైందో తెలియదు. వచ్చినవాళ్లను మెట్ల మీద కూచోబెట్టి అవే మాటలు అడిగేదాన్ని. ఏం తిన్నరు, ఎక్కడ పండుకున్నరు, తలుపు మూసిన్రా, కుంపట్ల ఏమేసిన్రు. క్యాలెండరు పక్కన పెట్టుకుని చూస్తే రాస్తారోకో అయిన రెండో రోజో మూడో రోజో పొద్దునే వచ్చేవాళ్లు. లారీలు ఆగని వారంలో ఒక్కరు రాలేదు. కట్టెల కుంపటి పెట్టుకున్న ఇంటి నుంచి అసలే రాలేదు.

మొత్తం పంతొమ్మిది మంది. కారణం గడిలో నా చేత్తో రాసింది పదకొండు కల్తీ తిండి, ఏడు గుడుంబా, ముసలాయనకు పక్షవాతం.

ఒకరోజు ధైర్యం చేసి, ఇదంతా బొగ్గు కుంపటి వల్లేనేమో అని సారుకు చెప్పాను. ఆయన విసుక్కోలేదు. ఆ పొద్దున అలాగే వచ్చిన పేషెంటు వేలికి మిషన్ తగిలించి చూపించాడు.

"చూడు. తొంభై ఎనిమిది. నెత్తుట్ల గాలి మంచిగున్నది. నువ్వు చెప్పేదే నిజమైతే గిట్ల ఎందుకు చూపిస్తది?"

నాకు తెలియదు.

"నీ పని గీతలు గీసుడు బిడ్డా. అది మంచిగ చేస్తున్నవ్."

వెంకట్రాం సారుది పక్క ఊళ్లో పెద్ద సేద్యం. చెడ్డవాడు కాదు. బంద్ రోజుల్లో పైసా తీసుకోకుండా చూసేవాడు. ప్రతి పొద్దున డ్యూటీ ఎక్కేముందు టెంట్లోకి వెళ్లి మైకు పట్టుకునేవాడు. "మనం చెప్తనే ఉన్నం. మన మాట ఎవ్వడు వింటలేడు. నీకేం తెలుసు, ఊకో అంటున్నరు. ఇగ ఊకోం!" ఆ మాట దగ్గర టెంటంతా లేచి అరిచేది. రిజిస్టరు ముందు కూచున్న నాకు కూడా ఒళ్లు పులకరించేది.

జనవరి చివర్లో ఒక పొద్దున ఆటో వచ్చింది. టెంటు దగ్గర పిల్లలు దాన్ని ఆపి, లోపలికి చూసి, వెంటనే దారిచ్చారు. నేను పెన్ను తీసుకుని నిలబడ్డాను. మొదట దిగింది మా తండా నాయక్ హన్మంతు కాకా. ఆయన వెనక మా అమ్మ. మా ఇంట్లో అమ్మను యాడి అంటాం. యాడి రెండడుగులు వేసి కూలబడింది. ఆటో వెనక సీట్లో మా అక్క శారద తల వేలాడేసి ఉంది. అక్క కానుపుకు మా ఇంటికి వచ్చి పాపను కని పదకొండు రోజులు.

పాప మా వదిన చేతుల్లో ఉంది. ఏడుస్తోంది, గట్టిగా. ఆ ఏడుపు విని నాకు ఊపిరి వచ్చింది.

అక్కను మంచం మీద వేశారు. అరుణ సిస్టర్ సూది వెతుకుతోంది. యాడి బెంచీ మీద తల పట్టుకుని వాంతి చేసుకుంది. నోరు తుడుచుకుని మొదట అన్న మాట ఇది.

"దాని చేతిల నుంచి పిల్లను గుంజుకో అనితా!"

"ఎవల చేతిల నుంచి?"

"నీ వదిన. సారూ, గిది విషం పెట్టింది. ఏడేండ్లాయె, కడుపు పండలే. నా బిడ్డ కానుపైంది చూసి ఓర్వలేకపోయింది."

వదిన పేరు యాకమ్మ. జనగామ దిక్కు రఘునాథపల్లి దగ్గరి తండా ఆమెది. పిల్లలు లేరని ఆమెను పురుటి గదిలోకి రానిచ్చేవాళ్లు కాదు. బాలింతకు వంట మాత్రం ఆమే వండాలి. గుమ్మం బయట పెట్టి పోవాలి.

"రాత్రి చారు ఇదే కాసింది," అన్నాడు హన్మంతు కాకా. "తెల్లారకముందే లోపలికి పోయి పిల్లను ఎత్తుకొచ్చుకున్నది. రావద్దన్న గదిలకు ఎందుకు పోయింది? పిల్లనొక్కదాన్నే ఎందుకు ఎత్తుకున్నది? సంగతి ముందే తెలుసన్నట్టే గద సారూ. మీరు విషమని రాయిండ్రి. నేను ఠాణాకు పోత."

అందరూ వదిన వైపు చూశారు. ఆమె పాపను భుజం మీదికి మార్చుకుంది.

"పిల్ల ఏడ్పు నడుమ ఆగింది," అంది. "అందుకే పోయిన. ఇద్దర్ని లేపిన, లేవలే."

సారు అక్క కళ్లు విప్పి చూశాడు. నాడి చూశాడు. వేలికి మిషన్ పెట్టాడు. తొంభై ఎనిమిది. వెనక్కి తిరగకుండానే చెప్పాడు.

"కారణం, విషం అని అనుమానం. రాయి."

యాడి పేరు రాశాను, బుచ్చి, యాభై రెండు. అక్క పేరు రాశాను. ఊరు, వేళ, బాధ. అయిదు గడులు నిండాయి. ఆరో గడి మీద పెన్ను ఆగింది.

"అనితా."

"రాయను సార్."

గదిలో ఆ మాట నేనే అన్నానా అని నాకే అనిపించింది. అరుణ సిస్టర్ సూదితో అలాగే ఆగిపోయింది.

"ఏమన్నవ్?"

నేను వదిన వైపు తిరిగాను. "వదినా, అక్క మంచం కింద ఏముండె?"

"కుంపటి."

"ఏమేసిన్రు అండ్ల?"

"రాకాసి బొగ్గు. మీ అన్న తెచ్చిండు. రాత్రి పొగ పోయేదాంక బయట రాజేసి ఇచ్చిన."

"తలుపు?"

"యాడి మూసింది. బాలెంతకు గాలి తగలొద్దని కింద సందుల చీర కుక్కింది."

"చారు నువ్వు గూడ తిన్నవా?"

"మిగిలింది తిన్న. దినాం అదే గద తినేది."

యాడి లేవబోయి మళ్లీ కూలబడింది. "నీకు పిచ్చి లేసిందా? సొంత అక్క గట్ల పడి ఉంటే దాని దిక్కు మాట్లాడ్తవా?"

సారు నా బల్ల దగ్గరకు వచ్చాడు. "నువ్వు డాక్టరువా?"

"కాదు సార్. మీరు చెప్పినయే ఇన్నొద్దులు రాసిన. పంతొమ్మిది మందికి." నోటుబుక్కు తీసి ఆయన ముందు పెట్టాను. "పొద్దుగాల టెంట్ల మీరే అన్నరు. మన మాట ఎవ్వడు వింటలేడు, ఊకో అంటున్నరు, ఇగ ఊకోం అని. నేను దినాం వింటున్న సార్. నా మాట గూడ జర వినుండ్రి."

బయట మైకులో ఎవరో గొంతు సవరించుకున్నారు. సారు మొహం ఎర్రబడింది. కొడతాడేమో అనుకున్నాను. నోటుబుక్కు తీసుకుని నిలబడే చదివాడు. ఒక పేజీ తిప్పాడు, మళ్లీ వెనక్కి తిప్పాడు.

అప్పుడు అరుణ సిస్టర్ మెల్లగా అంది. "సార్, బొగ్గు గ్యాసు ఎక్కిన నెత్తురును గూడ ఆ మిషన్ మంచిగనే చూపిస్తదని మా ట్రైనింగ్‌ల చెప్పిన్రు."

"నాకు తెల్వదా?" అన్నాడు సారు. మిషన్ వైపు చూసి, "తెలుసు. యాదికి రాలే," అన్నాడు.

నోటుబుక్కులో ఒకచోట వేలు పెట్టాడు. "గీ మేకపిల్ల సంగతి నిజమేనా?"

"నిజం సార్."

"అరుణా, సిలిండర్ ఇటు జరుపు. ఇద్దరికి మాస్కు పెట్టు, ముందు బాలెంతకు. పసిదాన్ని గూడ ఇటు తే." తర్వాత నా వైపు చూడకుండా, "రాయి," అన్నాడు.

"ఏం రాయాలె సార్?"

"నువ్వు చూసింది."

రాశాను. మూసిన గదిలో బొగ్గు కుంపటి. ఆ ఒక్క గడిలోనే నా అక్షరాలు వంకరగా ఉంటాయి. ఇప్పటికీ ఆ పుస్తకం ఉంటే చూసుకోవచ్చు.

హన్మంతు కాకా తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. ఠాణాకు పోలేదు. టీ కొట్టు ఎక్కడని ఆటోవాణ్ని అడిగాడు.

పగటికి అక్క కళ్లు తెరిచి నీళ్లడిగింది. సారు పాత పేజీలు తెమ్మన్నాడు. పంతొమ్మిది చోట్ల నేను కొట్టేసి కొత్త కారణం రాస్తే పక్కన ఒక్కొక్క సంతకం పెట్టాడు. ముసలాయన పేరు దగ్గర చాలాసేపు ఆగాడు. "రేపు టెంట్ల నేనే చెప్తా," అన్నాడు. అరుణ సిస్టర్ రేపటిదాకా ఆగలేదు. యూనిఫాం మీద చలికోటు వేసుకుని రోడ్డు దాటి టెంట్లోకి వెళ్లింది. ఎవరో పాడబోతుంటే మైకు లాక్కుంది.

"అన్నలారా, తెలంగాణ వచ్చేదాంక కొట్లాడుదురు గని, ముందు పానాలతోని ఉండుండ్రి. లారీల బొగ్గు తెచ్చి తలుపులు మూసుకోని పండకుండ్రి. పొగ రాలేదంటే మంచిదని కాదు. అది కండ్లకు కనవడకుంటనే తీస్కపోతది. జై తెలంగాణ!"

జై తెలంగాణ అని అందరూ అరిచారు. ఆ తర్వాత చలి ఉన్నన్ని రోజుల్లో మా గదికి అలాంటి ఇల్లు ఒక్కటే వచ్చింది.

పొద్దు వాలుతుండగా అన్న వచ్చాడు. అన్న పేరు చాంద్యా. భూపాలపల్లిలో బొగ్గు లారీ మీద క్లీనరు. కబురు అంది, రెండు లారీలు మారి వచ్చాడు. ముందు యాడి దగ్గర కూచున్నాడు. ఆమె చెవిలో చాలాసేపు చెప్పింది. వదిన వరండా చివర పాప గుడ్డలు ఉతికి ఆరేస్తోంది. అన్న ఆమె దగ్గరకు పోలేదు. నా బల్ల దగ్గరకు వచ్చాడు.

"నిజంగ బొగ్గేనా?"

"బొగ్గే."

"నేను తెచ్చిన బొగ్గా?"

"నువ్వు తెచ్చిందే."

"భూపాలపల్లిల మా కాలనీల అందరు కాలుస్తరు గద. ఎవలకేమైంది?"

"ఆడ తలుపు సందుల చీర కుక్కరేమో అన్నా."

అన్న తల దించుకున్నాడు. "చెల్లె సలికి తట్టుకోదని తెచ్చిన," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి అడిగాడు. "నిజం చెప్పు. మీ వదినను కాపాడనీకె గిట్ల రాసినవా?"

నేను రిజిస్టరు అతని వైపు తిప్పాను. అన్న మూడో తరగతి దాకా చదివాడు. వేలు పెట్టి ఆ గడి చదివాడు. చదివి కూడా వదిన దగ్గరకు పోలేదు.

నాలుగు రోజుల తర్వాత అందరం ఇంటికి వచ్చాం. సారే నాకు రెండు రోజులు సెలవిచ్చాడు. కుంపటి వాకిట్లో బోర్లా పడి ఉంది. బొగ్గు బస్తాను అన్న తండా చివరి వాగులో పారబోసి వచ్చాడు. పురుటి గది తలుపు తీసే ఉంచాం. అక్క దుప్పటి కప్పుకుని పాపను ఒళ్లో వేసుకుని గోడకు ఆనుకుంది.

హన్మంతు కాకా వచ్చి మంచం మీద కూచున్నాడు. తండాలో పెద్దమనుషులు మాట్లాడుకున్నారట.

"అయిందేదో అయింది," అన్నాడు. "దవాఖానల రాసిచ్చిన్రు. ఇగ ఎవలు ఏమనొద్దు. యాకమ్మా, నువ్వు గూడ మనసుల పెట్టుకోకు. బుచ్చీ, కోడలితోని చాయ్ పెట్టియ్."

యాడి వదిన వైపు చూడలేదు. పొయ్యి వైపు చూస్తూ, "చాయ్ పెట్టు," అంది.

తప్పు మాదని ఎవరూ అనలేదు. అది కూడా సర్దుకుంటుందనే నేను అనుకున్నాను. వదిన పొయ్యి రాజేసింది. మేకపాలు పోసింది, అల్లం దంచి వేసింది. స్టీలు గ్లాసులు కడిగి అయిదింటిలో పోసి పళ్లెంలో తెచ్చింది. అందరికీ ఇచ్చి గుంజ పక్కన నిలబడింది.

హన్మంతు కాకా గ్లాసు కింద పెట్టాడు. "వేడున్నది," అన్నాడు. ఆయన పొయ్యి మీది చాయ్ ఊదకుండా తాగే మనిషి.

"నాకు డాక్టరు సారు చాయ్ వద్దన్నడు," అంది యాడి. సారు యాడికి జాగ్రత్తలు చెబుతున్నప్పుడు పక్కన నేనే ఉన్నాను. అలా ఏమీ అనలేదు.

అక్క పాప మొహంలోకి చూస్తూ గ్లాసును కిటికీలో పెట్టింది.

నేను తాగాను. నాలుక కాలింది. ఆపకుండా అడుగు దాకా తాగి, "అల్లం మంచిగ పడ్డది వదినా," అన్నాను. ఇంట్లో నా గొంతు అంత పెద్దగా ఎప్పుడూ వినపడలేదు.

వదిన నావైపు చూడలేదు. ఆమె చూస్తున్నది అన్న చేతిని. అన్న గ్లాసు ఎత్తాడు. పెదాల దాకా తెచ్చాడు. లోపలికి ఒకసారి చూశాడు. యాడి వైపు చూశాడు. తర్వాత మెల్లగా, చప్పుడు కాకుండా కింద పెట్టాడు.

వదిన గుంజ దగ్గర్నుంచి కదిలి వచ్చింది. అన్న ముందున్న గ్లాసు తీసుకుంది. అతని ఎదురుగా నిలబడే, తొందర లేకుండా, చాయ్ అంతా తాగింది. ఖాళీ గ్లాసును అతని ముందే బోర్లించింది.

లోపలికి వెళ్లి దండెం మీది రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. వస్తూ అక్క ముందు ఆగి, దుప్పటి బయటికి వచ్చిన పాప పాదాన్ని లోపలికి సర్దింది. ఆమె గుమ్మం దాటింది. బోర్లాపడ్డ కుంపటిని దాటింది. రోడ్డు వైపు తిరిగింది. వెనక్కి చూడలేదు.

తలుపు బార్లా తీసి ఉంది. చలిగాలి లోపలికి వస్తోంది. వేయడానికి ఎవరూ లేవలేదు.